జ్వరము తగ్గిన పిమ్మట కన్ను

మార్కాపురము, గిద్దలూరుల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి పూర్వులు నిర్మించిన కంభము చెరువు కలదు. చుట్టును మెట్టసీమయే యైనను, చెరువు నిండిన యేడు దాని క్రింద వరిమళ్లు పచ్చగా కనుపట్టును. రైతు మోకాటిలోతు బురదలో దిగును. పశువులు ఆ నీటనే మునుగును. గట్టు బొరియలలో ఎలుకలు కాపురముండును. ఇట్లు మనుష్యుడు, పశువు, ఎలుక ఒకే నీటిని పంచుకొనుచోట సోకు వ్యాధి యొకటి కలదు. మనవారు దానిని ఎలుక జ్వరమందురు. దాని చరిత్రను శ్రోతలకు విన్నవించుట మా యుద్దేశము.

1886లో జర్మనీ వైద్యుడు అడాల్ఫ్ వైల్ కామెర్లతో కూడిన యొక తీవ్రజ్వరమును వర్ణించెను. దాని కారణము తెలియుటకు దాదాపు ముప్పది యేండ్లు పట్టినది. 1915లో జపాను వైద్యులు ఇనాడా, ఇడోలు మెలిదిరిగిన యొక సూక్ష్మజీవిని కనుగొనిరి. దానికే తరువాత లెప్టోస్పైరా యని పేరు వచ్చెను. అది ఎలుకల, పశువుల మూత్రముతో వెలువడి తడినేలలో నిలిచి, కాలి పగుళ్ల ద్వారా మన యొడలిలో ప్రవేశించును.

ఇది కంటినెట్లు బాధించును? ఐరోపాలో గుర్రములకు మాటిమాటికి కన్ను వాచి, తుదకు చూపు పోవు తెగులొకటి పూర్వమునుండి తెలిసినదే. చంద్రుని వృద్ధిక్షయములను బట్టి అది వచ్చిపోవునని జనులు నమ్మిరి. ఈ సూక్ష్మజీవియే దానికొక ముఖ్యకారణమని ఇరువదవ శతాబ్దిలో గాని తేలలేదు.

మనుష్యుల విషయమున గొప్ప పాఠము మన పొరుగున మధురలో లభించెను. 1993 చివర అచట వరదలు వచ్చెను. 1994లో కండ్లు ఎఱ్ఱబారి, చూపు మసకబారినవారు అరవింద కంటి ఆసుపత్రికి అనేకులు వచ్చిరి. కంటిలోని నడిమిపొర వాచుటయే, అనగా యువైటిస్, వారి వ్యాధి. వైద్యులు పరిశోధించి, లెప్టోస్పైరా వలన కండ్లు చెడిన 73 మంది వృత్తాంతమును 1997లో ప్రకటించిరి.

ఇందలి చిక్కేమనగా, జ్వరము తగ్గిన కొన్ని వారములకో, నెలలకో కన్ను చెడును. అప్పటికి రోగి జ్వరమును మఱచియుండును. కండ్లకలకయే యనుకొని పసరు పోయించుకొనువారును కలరు. దాని వలన మేలు కలుగదు సరికదా, కాలము వ్యర్థమగును. సకాలమున కంటివైద్యుని చేరినవారిలో పెక్కుమందికి చూపు తిరిగి వచ్చును.

కావున కన్ను ఎఱ్ఱబారి, వెలుతురు చూడలేక, చూపు మసకబారినచో, వైద్యునితో కంటి మాట మాత్రమే చెప్పిన చాలదు. మొన్నటి జ్వరమును, దిగిన మడిని, కడిగిన పశువులపాకను గూడ చెప్పవలెను. వైద్యుడడుగుటకు ముందే రైతు చెప్పు ఆ నాలుగు మాటలు అతని చూపును నిలుపవచ్చును.