ఏటికి ఎదురీదే చేప

పులస పేరెత్తితే గోదావరి జిల్లాలవాళ్లు మీసం మెలేస్తారు. మెలెయ్యనివ్వండి. ఆ చేపకు శాస్త్రవేత్తలు ఇప్పుడు వాడే పేరు పుట్టకముందే దాని బొమ్మను అచ్చువేసిన పుస్తకం మాత్రం విశాఖపట్నానిది.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు వైద్యుడు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగును దగ్గరగా చూసినవాడు. సోదరుడు క్లాడ్‌కు ఈస్టిండియా కంపెనీ విశాఖలో పెద్ద కొలువిస్తే, 1781లో తానూ వెంట వచ్చాడు. ఇక్కడి పాముల మీద ఎంత పనిచేశాడంటే రక్తపింజరను ఇంగ్లీషులో ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. చేపలనూ వదల్లేదు. ఒడ్డుకు చేరినవాటికి స్థానిక చిత్రకారుడితో బొమ్మలు గీయించి, జాలర్లు చెప్పిన పేర్లనే వాటికి పెట్టాడు. 200 చేపలతో ఆ గ్రంథం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడింది. అందులో 198వ బొమ్మ ‘పలస’.

ఆ పుస్తకాన్ని ఆధారం చేసుకుని ఫ్రాన్సులో జీవశాస్త్రవేత్త క్యూవియే కొన్ని చేపలకు నామకరణం చేశాడు. మన కానాగంతకు అలా దక్కిన ‘కనగుర్త’ నేటికీ చెల్లుతోంది. పలసకు ఆ అదృష్టం లేకపోయింది. గంగానది చేపల మీద 1822లో పుస్తకం వేసిన హామిల్టన్ దానికి ‘ఇలిష’ అన్న బెంగాల్ పేరు ముందే ఖాయం చేసేశాడు.

సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏరెక్కడం సాల్మన్ బతుకు. పులసదీ అదే బతుకు. చుట్టరికం మాత్రం లేదు, ఇది కవళ్ల కుటుంబానిది. ఉప్పునీటిలో ఉన్నంతకాలం విలస. వరదల రోజుల్లో ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. విశాఖ రేవుకు చేరేది విలసే. నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తినే ఈ చేపకు ఎర మీద ఆశ ఉండదు. వలే వేయాలి. గాలం కర్రతో ఏటి ఒడ్డున పొద్దుపుచ్చే దొరలకు ఇది ఆటకు పనికిరాలేదు.

వాళ్ల మనసంతా స్వదేశపు ట్రౌట్ మీదే. 1863లో చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే దాన్ని నీలగిరికి తేవాలని చూసి విఫలమయ్యాడు. నలభై ఏళ్లు దాటాక, 1907 ప్రాంతంలో, చేపల పెంపకం నిపుణుడు హెచ్.సి. విల్సన్ చేతుల మీదుగా రెయిన్‌బో ట్రౌట్ అక్కడి చల్లని వాగుల్లో నిలదొక్కుకుంది. సముద్రాలు దాటించి తెచ్చిన చేపకు అంత సేవ జరిగింది.

ఇంటి చేపకు దక్కింది గోడ. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది, పులస దారి మూసింది. ఇందులో విచిత్రం, ఆ సంగతి పట్టించుకున్నవాళ్లలో ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కూడా ఉండటం. నదులకు అడ్డంగా కట్టే ఆనకట్టలు తీరప్రాంత చేపలకు చేటు చేస్తాయేమోనని 1867లో ఆయనే ప్రభుత్వానికి రాశాడు. విచారణ బాధ్యత ట్రౌట్ తేబోయిన ఆ డే మీదే పడింది. 1873లో ఆయన నివేదిక వచ్చింది. 1897లో చట్టమూ వచ్చింది. డైనమైటుతో, విషంతో చేపలు పట్టడాన్ని అది నిషేధించింది గానీ, ఆనకట్టల్లో చేపకు దారి వదలమని మాత్రం అనలేదు. నా దృష్టిలో అసలు పని అదే. విల్సన్ కొల్లిడం నది దగ్గర ఇలిష గుడ్లను పొదిగించే ప్రయోగాలు చేశాడు కానీ, నీలగిరిలో ట్రౌట్ నిలిచినట్టు ఆ పని నిలవలేదు.

పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు కాటన్ పేరుతోనే బ్యారేజీ ఉంది. పులస వేట దాని దిగువన, యానాం, అంతర్వేది వైపు సాగుతోంది. వరదల రోజుల్లో ఒడిశా, బెంగాల్ నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే ఇలిషను కూడా పులసేనని అంటగట్టేవాళ్లు ఉంటారు. జాతి ఒకటే కాబట్టి అది పూర్తిగా అబద్ధమనలేం. అడిగే ధర మాత్రం గోదావరిది.