వేఱు పొయ్యిలు, ఒక్క బల్ల

ఒక సంఘమునందలి మనుష్యులు ఒకరితో నొకరు ఎట్లు కలసియున్నారో తెలిసికొనగోరువారు దాని ధర్మశాస్త్రములను చదువుటకు ముందు, అందెవరు ఎవరితో కూర్చుండి భోజనము చేయుదురో చూడవలెను. బేరమాడుటకును, ఒకే రైలుపెట్టెలో ప్రయాణము చేయుటకును సమ్మతించినవారు సైతము విస్తరి యెదుట కూర్చుండవలసి వచ్చినప్పుడు వెనుకంజ వేయుదురు. మన సంస్కర్తలకు కలిగిన కష్టములలో పెక్కు భోజనపంక్తివలన కలిగినవే. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు, దానికి తోడ్పడినవారును, ఆ విందులో కూర్చుండినవారును వెలికి గుఱియైరి. పెండ్లి చేయుట యొక యపరాధమైనచో, ఆ పెండ్లిలో అన్నము తినుట దానికి తీసిపోని యపరాధముగా నెంచబడెను.

కావున భిన్నజాతులవారును, భిన్నమతములవారును దినదినము ఒకే బల్లయొద్ద కూర్చుండి తినుట యలవాటు చేసికొన్న యొక దేశముయొక్క చరిత్ర మనకు పనికివచ్చును. ఆ దేశము సింగపూరు. ఆ చరిత్రకు నాయకులు రాజులును కారు, పండితులును కారు. వీథులలో వంటకములమ్ముకొని బ్రదికిన బీదవర్తకులు. వారిని అచ్చట హాకర్లందురు.

1819లో ఆంగ్లేయుల తూర్పిండియా కంపెనీ అచ్చట రేవు నెలకొల్పిన పిమ్మట, దక్షిణచీనానుండి హొక్కియెనులు, తియోచ్యూలు, కాంటనీయులు, హైనానీయులు వచ్చిరి. చుట్టుపట్ల ద్వీపములనుండి మలయులును జావావారును వచ్చిరి. దక్షిణహిందూదేశమునుండి తమిళులు, మలయాళులు, వారితోపాటు తెలుగువారును వచ్చి చేరిరి. మొదట వచ్చినవారిలో పెక్కురు పురుషులు. ఆలుబిడ్డలను స్వగ్రామములలో విడిచి వచ్చినవారు. రేవులో మూటలు మోయువానికిని, మనుష్యుల బండి లాగువానికిని దొరకిన నివాసము, ఒక గదిని పలకలతో అనేకభాగములు చేసిన యిఱుకుచోటు. అందు వంటకు తావు లేదు, వండిపెట్టుటకు మనిషి లేదు. వారి పాలిటి అన్నపూర్ణ వీథిలోనే యుండెను.

ఆ కాలపు వీథివర్తకుడు మన కావడివంటి కావడిని భుజముపై మోసికొని తిరిగెడివాడు. ఒకవైపు బొగ్గుకుంపటి, రెండవవైపు సరకులును గిన్నెలును. మలయభాషలో ఆ కావడిబద్దకు కందార్ అని పేరు. పినాంగు పట్టణమున తమిళ మహమ్మదీయులు కావడిపై తెచ్చి యమ్మిన అన్నమునకు, కావడి పోయినను, నేటికిని ‘నాసి కందార్’ అను పేరు నిలిచియున్నది. నాసి యనగా అన్నము.

ఎవరి వంట వారు తెచ్చుకొనిరి. హైనాను ద్వీపమువారు కోడిని నీటిలో నుడికించి, ఆ రసముతోనే అన్నము వండిరి. మలయులు మాంసపుముక్కలను పుల్లలకు గ్రుచ్చి నిప్పులపై కాల్చి, వేరుసెనగ పులుసుతో నిచ్చిరి. హిందూదేశపు మహమ్మదీయులు పిండిముద్దను గాలిలో విసరి, పలుచగా సాగదీసి, మడిచి, పొరలరొట్టె కాల్చిరి. తరువాత రుచులు ఒక పొయ్యినుండి మఱొక పొయ్యికి ప్రాకెను. చీనావారు తెచ్చిన పచ్చని గోధుమపిండి నూడిల్సును మనవారు మిరపకారముతో వేయింపగా ‘మీ గోరెంగ్’ అను వంటకము పుట్టెను. దాని పేరు సగము చీనాభాష, సగము మలయభాష, వండువాడు హిందూదేశీయుడు. చేపతలను ప్రీతితో తినుట చీనావారి యలవాటు, పులుసు మలబారుది. 1949 ప్రాంతమున కేరళీయుడొకడు ఈ రెంటిని కలిపెనని ప్రసిద్ధి. ఇందుకై ఏ సభయు జరుగలేదు, ఏ తీర్మానమును చేయబడలేదు. కొనువాని నాలుకను మెప్పింపవలెనను వర్తకబుద్ధియే యీ పని చేసెను.

ఇట్లని ఆ నాటి వీథిభోజనము నిర్దోషమైనదని చెప్పరాదు. దగ్గఱ కుళాయి లేదు. ఒక బాల్చీనీటిలో దినమెల్ల గిన్నెలు కడిగెడివారు. ఎంగిళ్లు మురుగుకాలువలో పడెడివి. కలరా, సన్నిపాతజ్వరములకు ఈ వర్తకమే కారణమని అధికారులు వర్తకులను తఱిమిరి, వారి సామగ్రిని పట్టుకొనిపోయిరి. మఱునాడు వారే మఱొక మూలను కనబడిరి. ఆకలిగొన్నవాడు కొనుచుండగా, పని లేనివాడు అమ్ముచుండగా, తఱిమినంతమాత్రమున వర్తకము పోవునా? 1950లో ప్రభుత్వమువారు ఈ విషయమై యొక విచారణసంఘమును నియమించిరి. 1965లో సింగపూరు స్వతంత్రరాజ్యమైన తరువాత గాని నిశ్చితమైన పని జరుగలేదు. 1968, 1969 సంవత్సరములలో ద్వీపమంతటను వర్తకులను లెక్కించి, సుమారు 18,000 మందికి అనుమతిపత్రములిచ్చిరి. 1971 మొదలు 1986 వఱకు వారికై కుళాయియు, దీపమును, మురుగుకాలువయు గల శాలలు కట్టించి, వీథులనుండి వారిని అందులోనికి చేర్చిరి.

ఈ మార్పునకు వెలయును లేకపోలేదు. తన యిష్టము వచ్చిన మూలను కుంపటి దించుకొను స్వేచ్ఛను వర్తకుడు కోల్పోయెను. వీథుల సందడి తగ్గెను. కాని దానికి మాఱుగా తఱుమబడని చోటును, పేరును, మర్యాదయు వానికి లభించెను.

ఈ శాలల నిర్మాణమునందే మనము గమనింపదగిన విశేషము గలదు. అంచులవెంట చిన్నచిన్న దుకాణములు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క యజమాని, ఒక్కొక్క పొయ్యి. నడుమ బల్లలు, అవి యేదుకాణమువానివియు కావు, అందఱివి. నలుగురు మిత్రులు వచ్చిరనుకొనుడు. మహమ్మదీయుడు తన మతము సమ్మతించిన దుకాణమున కొనుక్కొనును. చీనావాడు పందిమాంసపు నూడిల్సును, హిందువు దోసెను, శాకాహారియగు బౌద్ధుడు కాయగూరలను తెచ్చుకొనుదురు. నలుగురును ఒకే బల్లయొద్ద కూర్చుండి, ఆఫీసు సంగతులును, బిడ్డల చదువును, బంతియాటను ముచ్చటించుకొనుచు తిందురు. చోటు పట్టుటకు కుర్చీపై కాగితపు రుమాళ్ల పొట్లమొకటి యుంచినచో చాలును, దానిని కదల్చువాడుండడు. తిన్న పిమ్మట పళ్లెములను తిరిగి పెట్టుచోట మహమ్మదీయుల పళ్లెములకు వేఱు అర గలదు. నియమమును విడువనక్కఱలేదు, నియమముకొఱకు స్నేహితుని విడువనక్కఱయు లేదు.

ఈ శాలలను కట్టించినవారు ముఖ్యముగా నుద్దేశించినది ఆరోగ్యము. 1964లో ఆ నగరమున మలయులకును చీనావారికిని నడుమ చెలరేగిన కలహములలో ప్రాణములు పోయిన సంగతి వారు మఱవలేదు. అయినను కుళాయిలు వేయించినది మురుగు పోవుటకే కాని మైత్రి పుట్టుటకు కాదు. మైత్రి అడుగకయే వచ్చిన లాభము. పొరుగువానిపై దురభిప్రాయములు అచ్చట నశించినవని నేననను. కాని దినమునకొకసారి యెదుట కూర్చుండి తినువానిని గూర్చి కట్టుకథలను నమ్ముట కొంత కష్టము. 2020 డిసెంబరులో యునెస్కోవారు ఈ యాచారమును మానవజాతి సాంస్కృతికవారసత్వముల జాబితాలో చేర్చిరి. ఒకనాడు పోలీసులను జూచి పరుగెత్తిన కావడివానికి ఇంతకంటె గౌరవమేమి కావలెను?

ఇక మన సంగతి. డబ్బిచ్చి బయట తినుట మనకు క్రొత్త కాదు. ‘క్రీడాభిరామము’న ఓరుగంటి వీథులలో దినమెల్ల తిరిగిన మంచనశర్మయు టిట్టిభసెట్టియు మిత్రులే, ఒక రూకకు చక్కని భోజనము పెట్టు పూటకూళ్లయిల్లు ఆ కావ్యమున వర్ణింపబడినది. కాని మన పూటకూళ్లయిండ్లలోనికి అందఱికిని ప్రవేశముండెనని యెవరును చెప్పజాలరు. ఆంగ్లేయులకాలమున హోటళ్లు వచ్చినను, కొన్నింట కులమునుబట్టి వేఱు గదులుండెను. రైలుస్టేషనులలో హిందువుల నీరు, మహమ్మదీయుల నీరు అని వేఱుకుండలుండెను. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము, దుకాణములలోనికిని హోటళ్లలోనికిని పోవుటకు మతకులములనుబట్టి యెవరికిని ఆటంకముండరాదని శాసించినది. 1955 నాటి చట్టము అస్పృశ్యతాచరణమునకు శిక్ష విధించినది. అయినను మన పల్లెలలోని టీదుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి ఆ చట్టమునకు తరువాత దశాబ్దములపాటు సాగినది.

ఆ రెండు గ్లాసులను సింగపూరు బల్లతో పోల్చి చూడుడు. టీ యొకటే, పాలొకటే, కాచిన పొయ్యి యొకటే. గ్లాసులు మాత్రము రెండు. వారిది వేఱు పొయ్యిలు, ఒక్క బల్ల. మనది ఒక్క పొయ్యి, వేఱు బల్లలు. వంటకములోని భేదమును కాపాడుకొనుట రుచికిని మతమునకును సంబంధించినది. దానివలన నెవరికిని అవమానము లేదు. కూర్చుండుటలో భేదము పాటించుట మనిషిని అవమానించుట తప్ప మఱేమియు కాదు. మన పెద్దలు ఈ రెంటిని ఆచారమను నొక్క మాటలో కలిపివేయుటచేతనే, మడి కట్టుకొనుటయు తోడిమనుష్యుని గడపబయట నిలుపుటయు ఒకటేయని తలచు బుద్ధి మనలో పాతుకొనినది.

నేను బాలురకు చదువు చెప్పువాడను. ఐకమత్యమును గూర్చి వ్యాసము వ్రాయుమన్నచో వారు ముత్యములవంటి యక్షరములతో వ్రాయుదురు. ఆ బాలురే సాయంకాలము వీథిమొగను మిరపకాయబజ్జీల బండిచుట్టు నిలువబడి, ఒకని కాగితములోనిది మఱొకడు తీసికొని తినుచుందురు. వ్యాసముకంటె ఆ బండి యెక్కువ నేర్పుచున్నదని నాకు తోచును. విశాఖపట్టణపు సముద్రతీరమున ముంతమసాలా కలుపువానియొద్దను, హైదరాబాదు ఇరానీహోటలు బల్లయొద్దను ఈ చదువే సాగుచున్నది. ప్రక్క కుర్చీలో కూర్చుండినవాని కులమేదియని యచ్చట నెవరడుగుదురు?

అట్టి బండ్లకు మన పట్టణములు చేయుచున్నదేమి? వీథివర్తకులకు రక్షణగా 2014లో చట్టమొకటి వచ్చినది. వర్తకులను లెక్కించి ధ్రువపత్రములీయవలెననియు, వారి స్థలములను నిర్ణయించు పట్టణసంఘమున నూటికి 40 మందికి తగ్గకుండ వర్తకుల ప్రతినిధులే యుండవలెననియు అది విధించుచున్నది. అది కాగితమునుండి వీథిలోనికి దిగినప్పుడుగదా ఫలము! పురపాలకసంఘములు బండివానిని తఱుముటకు వెచ్చించు శ్రమలో కొంత ఒక కుళాయికిని, ఒక మురుగుకాలువకును, పదిమంది కూర్చుండదగిన బల్లలకును వెచ్చించినచో, రోగములు తగ్గును, ఒక కుటుంబము నిలుచును, అంతకుమించి మనుష్యులు కలియు చోటొకటి యేర్పడును. సహపంక్తిభోజనములను ఏడాదికొకసారి పందిరి వేసి జరుపుట మంచిదే. దినమున కొకసారి, పందిరి లేకయే, పిలుపు లేకయే జరుగునట్లు చేయుట అంతకంటె మంచిది.