రాజ్యం పోయింది, జట్టు మిగిలింది

నర్సింహులపేట ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. 2016కు ముందు వరంగల్ జిల్లా. ఇంకా వెనక్కి వెళ్తే, 1948 సెప్టెంబరు దాకా, ఈ ఊరు నిజాం రాజ్యంలోది. ఆ రాజ్యానికి సొంత హాలీ సిక్కా ఉండేది, సొంత తపాలా బిళ్లలు ఉండేవి, సొంత రైలు ఉండేది. సొంత క్రికెట్ జట్టు కూడా ఉండేది.

1934-35లో రంజీ పోటీలు మొదలైనప్పుడు సంస్థానాలు కూడా తమ జట్లను దింపాయి. హైదరాబాద్ అందులో ఒకటి. అప్పటికే నగరంలో మొయినుద్దౌలా బంగారు కప్పు పోటీ నడుస్తోంది. దాన్ని 1930-31లో ఒక నవాబు పేరిట మొదలుపెట్టారు.

1937-38 రంజీ ఫైనల్ బొంబాయిలో జరిగింది. ఎదుట నిలిచింది అంతకు ముందు ఏడాది విజేత నవానగర్. మొదటి ఇన్నింగ్స్‌లో హైదరాబాద్ వెనకబడింది. గెలవాలంటే 310 పరుగులు చేయాలి, ఆ రోజుల్లో అది కొండంత లెక్క. ఒకవైపు వికెట్లు రాలుతుంటే పార్సీ ఆటగాడు ఐబారా మరోవైపు పాతుకుపోయాడు. 137 పరుగులతో చివరిదాకా అవుట్ కాలేదు. ఒక్క వికెట్ మిగిలి ఉండగా హైదరాబాద్ గెలిచింది. భారత క్రికెట్‌లో ఇంత ఉత్కంఠ నిండిన ఫైనళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

ఆ గెలుపు నగరానిదే. ఆట నేర్పే మైదానాలు, క్లబ్బులు, పోషించే నవాబులు అన్నీ జంటనగరాల్లోనే ఉండేవి. పల్లెల్లో అప్పుడు నడిచింది వెట్టి. 1942-43లో హైదరాబాద్ మళ్లీ ఫైనల్ చేరి బరోడా చేతిలో ఓడింది. ఆ తర్వాత నాలుగేళ్లు తిరగకముందే, 1946 జూలై 4న, నర్సింహులపేటకు ఎంతో దూరం లేని కడవెండిలో, వెట్టికి ఎదురు తిరిగిన దొడ్డి కొమురయ్య తూటాకు నేలకొరిగాడు. ఈ రెండూ ఒకే రాజ్యపు చరిత్ర. స్కోరు పుస్తకం ఒక్కటే చదివితే ఆ రాజ్యం సగమే తెలుస్తుంది.

1948లో రాజ్యం పోయింది, జట్టు పోలేదు. 1955 నవంబరులో ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్‌తో నగరపు తొలి టెస్టు జరిగింది. ఆ మ్యాచ్‌లో భారత్‌కు నాయకుడు హైదరాబాదీ స్పిన్నర్ గులాం అహ్మద్. ఉమ్రిగర్ 223 కొట్టింది అక్కడే. టెస్టుల్లో ఒక భారతీయుడి తొలి డబుల్ సెంచరీ అది.

తర్వాతి తరం మరీ ఘనమైనది. భారత కెప్టెన్ పటౌడీ హైదరాబాద్ తరఫున జయసింహ నాయకత్వంలో ఆడాడు. 1971లో వెస్టిండీస్ వెళ్లిన భారత బృందంలో హైదరాబాదీలు ఐదుగురు: జయసింహ, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, గోవిందరాజ్, జయంతీలాల్. అయినా ఈ తరానికి రంజీ దక్కలేదు. రెండో గెలుపుకు 49 ఏళ్లు పట్టింది. 1986-87లో ఎం.వి.నరసింహారావు జట్టు ఢిల్లీ జట్టును వాళ్ల కోట్లా మైదానంలోనే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో ఓడించింది.

ఈ కాలమంతటిలో విచిత్రం హద్దులది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1953-54లో ఆంధ్ర జట్టూ వచ్చింది. 1956లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు ఒకే రాష్ట్రమయ్యాయి, జట్లు మాత్రం కలవలేదు. పాత నిజాం రాజ్యంలోని మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు అటూ ఇటూ విడిపోయాయి. 2014లో తెలంగాణ వచ్చింది. రంజీలో ఇప్పటికీ ఆ పేరు లేదు, హైదరాబాదే ఉంది. నవానగర్, హోల్కర్ లాంటి సంస్థానాల పేర్లు పోటీలో చెరిగిపోయి చాలాకాలమైంది. అంటే నర్సింహులపేట కుర్రాడు ఎవరైనా రంజీ స్థాయికి ఎదిగితే, ఛాతీ మీద ఉండేది ఆ పాత రాజధాని పేరే.

జిల్లాల నుంచి ఆట పైకి రావడం ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025లో అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో స్కాట్లాండ్‌పై అజేయంగా 110 కొట్టింది. ఆ టోర్నీ చరిత్రలో అదే తొలి సెంచరీ. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. భద్రాచలం నిజాం రాజ్యంలోని ఊరు కాదు, మద్రాసు ప్రెసిడెన్సీది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. త్రిష దేశవాళీలో ఆడేది హైదరాబాద్‌కు.