పాలో ఫ్రెయిరే భావాలు - పరిశోధనా రంగాలపై ప్రభావం

పాలో ఫ్రెయిరే (1921 సెప్టెంబరు 19 - 1997 మే 2) బ్రెజిల్ దేశానికి చెందిన విద్యా తత్వవేత్త. "పీడితుల బోధనాశాస్త్రం" అనే అర్థం వచ్చే పేరుతో 1968లో ఆయన పోర్చుగీసు భాషలో పూర్తిచేసిన గ్రంథానికి 1970లో ఆంగ్లానువాదం వెలువడింది. ఆ తరువాత ఆయన భావాలు విద్యారంగం ఎల్లలు దాటి వ్యవసాయం, ప్రజారోగ్యం, ప్రసార మాధ్యమాలు, మనస్తత్వశాస్త్రం, గణిత బోధన మొదలైన రంగాలలో పరిశోధన జరిగే తీరును ప్రభావితం చేశాయి. తెలుగునాట ఈ ధోరణికి చెందిన పరిశోధనలు నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలోను, సంగారెడ్డి జిల్లా (నాటి మెదక్ జిల్లా) జహీరాబాద్, ఝరాసంగం మండలాలలోను చెప్పుకోదగినంతగా జరిగాయి.

తత్వం నుండి పరిశోధనకు

తాత్త్వికులు సాధారణంగా ప్రయోగశాలలో పనిచేయరు, సర్వేలు నిర్వహించరు. అయినా ఏది జ్ఞానం, దానిని ఎలా నిర్ధారించాలి, ఎవరి మాట సాక్ష్యమవుతుంది అనే ప్రశ్నలకు వారిచ్చిన సమాధానాలు శాస్త్రవేత్తల పనిలోకి ప్రవేశిస్తాయి. ఒక సిద్ధాంతం శాస్త్రీయమైనది కావాలంటే అది తప్పని తేలగల అవకాశం ఉండాలని కార్ల్ పాపర్ 1934లో ప్రతిపాదించాడు. ఈ మాటను నేడు వైద్యశాస్త్ర విద్యార్థులు కూడా పాఠంగా చదువుకుంటున్నారు. జాన్ రాల్స్ 1971లో ప్రకటించిన న్యాయసిద్ధాంతంతో వాదిస్తూ అమర్త్య సేన్ రూపొందించిన సామర్థ్యాల భావన, 1990లో మొదలైన ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదికలకు ఆధారమైంది. కృష్ణాతీరంలోని శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుని చతుష్కోటి తర్కం సైతం ఇటీవలి కాలంలో గ్రాహం ప్రీస్ట్ వంటి తర్కశాస్త్రజ్ఞుల పరిశోధనకు విషయమైంది.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన ఇలియట్ గ్రీన్ 2016లో, సామాజిక శాస్త్రాలలో ఇతర పరిశోధకులు ఎక్కువగా ఉదహరించిన గ్రంథాలు ఏవో గూగుల్ స్కాలర్ ఆధారంగా లెక్కించాడు. మొదటి స్థానం థామస్ కూన్ శాస్త్రీయ విప్లవాలపై రాసిన గ్రంథానికి, రెండవది ఎవరెట్ రోజర్స్ నూతన పద్ధతుల వ్యాప్తిపై రాసిన గ్రంథానికి, మూడవది ఫ్రెయిరే గ్రంథానికి దక్కాయి. రోజర్స్, ఫ్రెయిరేలు పక్కపక్కన నిలవడం విశేషమే. పల్లెలో కొత్త జ్ఞానం ఎలా పుడుతుందన్న విషయంలో ఈ ఇద్దరివీ దాదాపు ఎదురెదురు దారులు.

ఫ్రెయిరే మూల భావాలు

ఫ్రెయిరే 1963లో ఈశాన్య బ్రెజిల్‌లోని ఆంజికోస్ అనే ఊరిలో సుమారు 300 మంది కూలీలకు 40 గంటల బోధనతో చదవడం, రాయడం నేర్పే ప్రయోగం నిర్వహించాడు. పాఠాలు అక్షరమాలతో కాక, ఆ కూలీల బ్రతుకులో తరచు వినబడే మాటలతో మొదలయ్యేవి. "ఇటుక" అనే మాటను తీసుకుంటే, ఇటుక ఎవరు చేస్తారు, ఇల్లు ఎవరిది అనే చర్చ ముందు, అక్షరాలు తరువాత. 1964లో సైనిక ప్రభుత్వం వచ్చాక ఆయనను జైలులో ఉంచారు. పిమ్మట బొలీవియా, చిలీ, అమెరికా, స్విట్జర్లాండు దేశాలలో ప్రవాస జీవితం గడిపి 1980లో స్వదేశం చేరాడు.

ఉపాధ్యాయుడు నిండుకుండ అనీ, విద్యార్థి ఖాళీకుండ అనీ భావించి విషయాన్ని ఒంపడాన్ని ఫ్రెయిరే బ్యాంకు పద్ధతి అన్నాడు. అందులో విద్యార్థి ఖాతా వంటివాడు, గురువు సొమ్ము జమచేసేవాడు. దీనికి బదులుగా ఇరువురూ ఒక సమస్యను ఎదురుగా పెట్టుకొని సంభాషణ ద్వారా తెలుసుకోవాలని ఆయన వాదం. తన స్థితికి కారణాలను మనిషి ఈ విధంగా గుర్తించి, వాటిని మార్చడానికి పూనుకోవడమే చైతన్యీకరణ. ఈ ఆలోచనలో హెగెల్, మార్క్స్, మార్టిన్ బూబర్, ఫ్రాంజ్ ఫానన్ మొదలైనవారి ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి.

విస్తరణా, సంభాషణా?

చిలీలో ఉండగా భూసంస్కరణల కార్యక్రమంలో వ్యవసాయాధికారులతో కలిసి పనిచేసిన అనుభవంతో ఫ్రెయిరే 1969లో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. వ్యవసాయ విస్తరణ అనే మాటనే ఆయన అందులో ప్రశ్నించాడు. విస్తరించడమంటే ఒకచోట ఉన్నదానిని మరొకచోటికి చాపడం. ఆ లెక్కన జ్ఞానం అధికారి వద్ద ఉన్నది, రైతు వద్ద లేనిది. అధికారి రైతుకు తెలిసినదానిని తెలుసుకోనంతవరకు జరిగేది సంభాషణ కాదు, ప్రచారం మాత్రమే అని ఆయన అభిప్రాయం. పరిశోధనా రంగాలకు సంబంధించినంతవరకు ఆయన రచనలన్నిటిలో ఇదే ఎక్కువ ఫలవంతమైనదని చెప్పవచ్చు. ఎందుకంటే "విద్యార్థి" స్థానంలో "రైతు"ను, "గురువు" స్థానంలో "శాస్త్రవేత్త"ను ఉంచి చూసే వీలు దీనితో ఏర్పడింది.

రాబర్ట్ చాంబర్స్ ప్రచారంలోకి తెచ్చిన భాగస్వామ్య గ్రామీణ మదింపు (పి.ఆర్.ఏ.) 1980ల చివరి నుండి భారతదేశంలో విరివిగా అమలైంది. గ్రామస్థులే నేలపై ముగ్గుతో ఊరి పటం గీయడం, గింజలతో లెక్కలు చూపడం ఇందులోని పద్ధతులు. దీనికి ఆధారమైన ధారలలో ఫ్రెయిరే ప్రేరణతో సాగిన పరిశోధన ఒకటని చాంబర్స్ స్వయంగా పేర్కొన్నాడు.

ఇతర శాస్త్రాలలో

ప్రజారోగ్యంలో నీనా వాలర్‌స్టైన్ మొదలైనవారు ప్రజా సమూహాలను పరిశోధనలో భాగస్వాములను చేశారు. కొలంబియాలో ఓర్లాండో ఫాల్స్ బోర్డా సామాజికశాస్త్రంలో క్రియాశీల భాగస్వామ్య పరిశోధనకు రూపమిచ్చాడు. అగస్టో బోల్ నాటకరంగంలో ప్రేక్షకుడినే పాత్రధారిని చేశాడు. ఎల్ సాల్వడార్‌లో ఈ భావాలను మనస్తత్వశాస్త్రానికి అన్వయించిన ఇగ్నాసియో మార్టిన్ బారో 1989లో సైనికుల చేతిలో హతుడయ్యాడు. గణిత బోధనలో మారిలిన్ ఫ్రాంకెన్‌స్టైన్ కృషి పేర్కొనదగినది.

నెల్లూరు అనుభవం

1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం అక్షరాస్యతతో పాటు చైతన్యాన్ని కూడా లక్ష్యంగా ప్రకటించింది. ఇందులో ఫ్రెయిరే ప్రభావాన్ని పలువురు విద్యావేత్తలు గుర్తించారు. 1990-91 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో నవ అక్షరాస్యుల వాచకంలో సారా వలన నాశనమైన కుటుంబాన్ని గురించిన "సీతమ్మ కథ" పాఠంగా ఉండేది. దూబగుంటలో మహిళలు సారా దుకాణాన్ని మూయించడంతో రాజుకున్న ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది.

చదువుకున్నందువల్లనే ఉద్యమం పుట్టిందని చెప్పడం తేలిక. అయితే హైదరాబాదుకు చెందిన అన్వేషి మహిళా పరిశోధనా కేంద్రం 1993లో ప్రచురించిన వ్యాసంతో సహా పలు అధ్యయనాలు, గ్రామీణ స్త్రీల సొంత రాజకీయ అవగాహనను, కూలి డబ్బు సారాకు పోతున్న స్థితిని, ప్రభుత్వ ఆబ్కారీ విధానాన్ని కూడా పరిగణనలోకి తీసుకోవాలని సూచిస్తాయి. ఒక పాఠం ఉద్యమాన్ని పుట్టించిందా, లేక అప్పటికే ఉన్న కోపానికి మాట దొరికిందా అన్నది విద్యా పరిశోధకులకు ఆసక్తికరమైన ప్రశ్న.

జహీరాబాద్, ఝరాసంగం ప్రాంతం

కేతకీ సంగమేశ్వరాలయం వలన ప్రసిద్ధమైన ఝరాసంగం, దాని పొరుగున ఉన్న జహీరాబాద్ మండలాలలో మెట్ట వ్యవసాయం ఎక్కువ. జొన్న, కొర్ర, సామ, కంది, శనగ ఇక్కడి పాతపంటలు. 1983లో స్థాపితమై, జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డి.డి.ఎస్.) గ్రామాలలో మహిళా సంఘాలను ఏర్పరచింది. సభ్యులలో అత్యధికులు దళిత స్త్రీలు. సంఘాలు పడావు భూములను సాగులోకి తెచ్చి, విత్తన నిధులు నెలకొల్పాయి. విత్తనాలను బూడిద, వేపాకుతో కలిపి, పేడతో అలికిన బుట్టలలో భద్రపరచే పద్ధతి ఈ స్త్రీలకు తరతరాలుగా తెలిసినదే. ఈ పనికి మూలం ఫ్రెయిరే గ్రంథమని చెప్పడం సరికాదు. సంఘాల స్త్రీలలో అనేకులు అక్షరాస్యులు కారు. ఫ్రెయిరే ప్రభావం కనబడేది ఈ ప్రాంతానికి వచ్చిన పరిశోధకుల పద్ధతిలో.

ఉదాహరణకు జొన్న వంగడాన్ని విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ప్రధానంగా ఎకరాకు పండే గింజల బరువుతో అంచనా వేస్తాడు. రైతు స్త్రీ చొప్ప పశువులు తింటాయా, రొట్టె రుచిగా ఉంటుందా, గింజ పురుగుపట్టకుండా నిలుస్తుందా, సాళ్ళ మధ్య కందికి చోటుంటుందా అని కూడా చూస్తుంది. ఈ కొలమానాలను పరిశోధనలో లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది గింజల సమస్య మాత్రమే కాదు, జ్ఞానమంటే ఏమిటన్న తాత్త్విక సమస్య.

ప్రజాతీర్పు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో ప్రకటించిన విజన్ 2020 పత్రంలో వ్యవసాయాన్ని యాంత్రీకరించడం, జన్యుమార్పిడి పంటలను ప్రోత్సహించడం, వ్యవసాయంపై ఆధారపడిన జనాభాను తగ్గించడం వంటి అంశాలుండేవి. 2001లో నాటి మెదక్ జిల్లాలో "ప్రజాతీర్పు" పేరిట ఒక ప్రయోగం జరిగింది. చిన్న, సన్నకారు రైతులు, ముఖ్యంగా స్త్రీలు, న్యాయనిర్ణేతలుగా కూర్చున్నారు. ప్రభుత్వాధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీ ప్రతినిధులు, స్వచ్ఛంద సంస్థలవారు వారి ముందు సాక్ష్యమిచ్చారు. రాష్ట్ర వ్యవసాయానికి మూడు భవిష్యత్ చిత్రాలను ఉంచి, ప్రశ్నలు అడిగే హక్కు రైతులకిచ్చారు. పాత్రలు తారుమారు కావడమే ఈ ప్రయోగంలోని అసలు విషయం.

ఇందులో ఫ్రెయిరే ఒక్కడే కాదు. సమానుల మధ్య హేతుబద్ధమైన చర్చ ద్వారానే నిర్ణయాలకు సాధికారత వస్తుందన్న జర్మన్ తాత్త్వికుడు యుర్గెన్ హేబర్మాస్ భావనకూ ఇటువంటి పౌర న్యాయసభలతో దగ్గరి సంబంధముంది. నిర్వాహకులలో హైదరాబాదు విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని రెండు పరిశోధనా సంస్థలు ఉన్నాయి. నివేదిక రచయితలు మిషెల్ పింబర్ట్, టామ్ వేక్‌ఫర్డ్. వీరిలో పింబర్ట్ గతంలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేసినవాడు.

రైతులు జన్యుమార్పిడి పంటలను, కూలీల పని పోగొట్టే యాంత్రీకరణను తిరస్కరించి, విత్తనాలపై, ఆహారంపై స్థానిక అధికారం కోరారు. 2002లో నివేదిక వెలువడగానే, రాష్ట్రానికి సహాయమందిస్తున్న బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ దాని ప్రామాణికతను ప్రశ్నించింది. కొద్దిమంది రైతులు రాష్ట్రానికంతటికీ ప్రతినిధులెలా అవుతారు, సాక్షుల ఎంపిక నిష్పక్షపాతమా అన్నవి ప్రధానమైన అభ్యంతరాలు. ఇవి కొట్టిపారవేయదగినవి కావు. అయితే విజన్ పత్రాన్ని రూపొందించేటప్పుడు ఆ రైతులలో ఎవరినీ ఎందుకు అడగలేదన్న ఎదురు ప్రశ్న కూడా అంతే బలమైనది.

మాచునూర్ రేడియో

ఝరాసంగం మండలంలోని మాచునూర్ గ్రామంలో యునెస్కో సహాయంతో 1998లోనే రేడియో కేంద్రం సిద్ధమైంది. వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని సర్వోన్నత న్యాయస్థానం 1995లో తీర్పు చెప్పినా, ప్రభుత్వ అనుమతి లేనందున దాదాపు పదేళ్ళపాటు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాలలో వినిపించారు. 2006లో సామాజిక రేడియో విధానం వచ్చాక, 2008 అక్టోబరు 15న సంగం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 1995 నాటి తీర్పు చెప్పిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి.సావంత్ దీనిని ప్రారంభించాడు. కేంద్రాన్ని నడిపినవారు దళిత స్త్రీలు. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన వినోద్ పావరాల, కాంచన్ మాలిక్ 2007లో ప్రచురించిన సామాజిక రేడియో గ్రంథంలో ఈ కేంద్రం అనుభవం ఒక ముఖ్యాంశం. 2011లో అదే విశ్వవిద్యాలయంలో సామాజిక మాధ్యమాలపై యునెస్కో పీఠం ఏర్పడింది.

విమర్శలు

ఫ్రెయిరేను ఉదహరించినవారందరూ ఆయనను అనుసరించినవారు కారు. పుస్తకం పేరును ప్రస్తావించి, గ్రామంలో ముందుగానే తయారైన ప్రశ్నావళి నింపించుకొని పోయినవారికి కొదువ లేదు. బిల్ కుక్, ఉమా కొఠారి సంపాదకత్వంలో 2001లో వచ్చిన గ్రంథం, భాగస్వామ్యమే ఒక కొత్త నిరంకుశత్వంగా మారిందా అని ప్రశ్నించింది. గ్రామసభలో మాట్లాడేది పలుకుబడి ఉన్నవారేననీ, వారి మాటే ఊరి మాటగా నమోదవుతుందనీ అందులోని రచయితలు ఎత్తిచూపారు. ఫ్రెయిరే భాషలో మనిషి అంటే పురుషుడే అన్న ధోరణిని బెల్ హుక్స్ విమర్శించింది, ఆయనకు తాను రుణపడి ఉన్నానని కూడా చెప్పింది.

ప్రతిఫలం, పేరు విషయంలో చిక్కు ఇంకా తీరలేదు. మెదక్ రైతుల తీర్పు గురించి ప్రపంచంలో ఎక్కడ ఉదహరించినా వ్రాయబడేవి పింబర్ట్, వేక్‌ఫర్డ్ అనే రెండు పేర్లే.