నాయకుల వరస, బిషప్పుల వరస

మా తండాలో పెండ్లికో పండుగకో ఢాడీ వస్తే రాత్రి పొద్దుపోయేదాకా నాయకుల వరస చెప్పేవాడు. ఫలానా నాయకుని కొడుకు ఫలానా, ఆయన కొడుకు ఫలానా. ఎక్కడా తడబాటు ఉండదు, ఎక్కడా తెంపు ఉండదు. ఒకసారి మా అవ్వ నా చెవిలో చిన్నగా చెప్పింది: “నడుమ ఒకాయన్ను తండా అంతా కలిసి దించినారు నాయనా. ఆయప్ప తమ్ముని కొడుకును కూర్చోబెట్టినారు. ఆ పేరు ఢాడీ ఎత్తడు.”

ఢాడీ అబద్ధాలకోరు కాదు. వరస చెప్పడం ఆయన పని. వరస నున్నగా ఉంటే తండాకు గౌరవం, ఇప్పుడున్న నాయకునికి బలం. నడుమ తెగినచోట కుట్టు వేసేది కూడా ఆ పనిలో భాగమే. కానీ చరిత్ర రాసేవాడు ఆ కుట్టు ఎక్కడుందో వెతకాల. మా అవ్వ చెప్పిన మాట అదే.

నంద్యాల ప్రాంతపు క్రైస్తవ సంఘాల చరిత్ర చదివినప్పుడు నాకు ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. అక్కడ కూడా ఒక వరస గురించే గొడవ. ఆ వరస కోసం వేలమంది పేదలు పక్క ఊరి తమవాళ్లతో కలవకుండా ఉండిపోయినారు.

కుందూ నది నంద్యాల, కోయిలకుంట్ల ప్రాంతాల గుండా పారి, కడప జిల్లాలోకి దిగి పెన్నలో కలుస్తుంది. ఈ నేల మీద పందొమ్మిదో శతాబ్దంలో రెండు ఇంగ్లీషు మిషన్లు పనిచేసినాయి. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపకు వచ్చింది. తర్వాత జమ్మలమడుగులో నిలబడింది, అక్కడి క్యాంప్‌బెల్ ఆసుపత్రి వాళ్లదే. రెండోది ఎస్.పి.జి., అంటే ఇంగ్లండు ప్రభుత్వ మతమైన ఆంగ్లికన్ చర్చికి చెందిన మిషన్. అది 1850ల నుంచి ముత్యాలపాడులో, ఆ తర్వాత నంద్యాలలో, కడప జిల్లా కలసపాడులో బడులు, గుళ్లు కట్టింది. రెండు మిషన్లలోనూ చేరినవాళ్లు ఎక్కువగా మాలలు, మాదిగలు. ఒకే తిండి, ఒకే కూలి, ఇచ్చిపుచ్చుకునే చుట్టరికాలు. ఎవరు ఏ మిషన్లో చేరినారనేది ఏ దొర ఏ ఊరికి ముందు వచ్చినాడనే దాని మీద ఆధారపడింది.

కానీ ఆ దొరల మధ్య ఒక పాత తగాదా ఉండేది. లండన్ మిషన్ పద్ధతిలో బిషప్పు ఉండడు. సంఘమే తన పాస్టరును ఎన్నుకుంటుంది. ఆంగ్లికన్ పద్ధతిలో బిషప్పు తల మీద చేతులుంచితేనే పాస్టరు పాస్టరవుతాడు. ఆ బిషప్పును అంతకుముందున్న బిషప్పులు అభిషేకించి ఉండాల, వాళ్లను వాళ్ల ముందువాళ్లు. ఇట్లా వెనక్కి పోతే ఆ గొలుసు యేసు శిష్యులైన అపొస్తలుల దాకా తెగకుండా పోతుందని ఆ పక్షంలో చాలామంది నమ్మకం. దీన్నే అపొస్తలుల వారసత్వం అంటారు. గొలుసులో లేనివాడు రొట్టె, ద్రాక్షారసం పంచితే అది సరైన సంస్కారం కాదని వాళ్లలో గట్టివాళ్లు వాదించేవాళ్లు.

1919లో తరంగంబాడిలో కొందరు పాస్టర్లు కూడి, ఈ చీలికలు మనం తెచ్చుకున్నవి కావు, మనం ఒకటవుదాం అన్నారు. వాళ్లలో దాదాపు అందరూ భారతీయులే. ముందు నిలిచినవారిలో దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య ఒకరు. 1912లో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. నంద్యాల ప్రాంతం కూడా తర్వాత ఆయన పరిధిలోకే వచ్చింది. చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగినాయి. ఐక్యత చూడకుండానే 1945 జనవరి 1న అజరయ్య చనిపోయినాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ. పుట్టింది. లండన్ మిషన్ సంఘాలు, మెథడిస్టులు, ఆంగ్లికన్లు అందులో కలిసినారు. ఒప్పందం ఇది: ఇకమీదట అందరినీ బిషప్పులే అభిషేకిస్తారు, కానీ ఇప్పటికే పాస్టర్లుగా ఉన్నవాళ్లకు మళ్లీ అభిషేకం చేయరు. బిషప్పు పదవి ఉంటుంది, దాని పుట్టుక గురించి ఫలానా విధంగానే నమ్మాలన్న నిబంధన ఉండదు.

నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో వేలమంది దీనికి ఒప్పుకోలేదు. జమ్మలమడుగు పాస్టరు గొలుసులో లేడు కదా అన్నది అడ్డుమాట. వాళ్లు సి.ఎస్.ఐ. బయటే ఉండి, ఎక్కడో కలకత్తాలో ఉండే మెట్రోపాలిటన్ కిందికి పోయినారు. ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. ఇంగ్లండులో గొలుసు పక్షంవాళ్ల ఒత్తిడి వల్ల ఎస్.పి.జి. తన సాధారణ నిధి నుంచి సి.ఎస్.ఐ.కి సాయం చేయడానికి వెనకాడింది. బడి పంతుళ్ల జీతాలకు ఆ నిధిని నమ్ముకున్న కరువు నేలలో ఆ భయం చిన్నది కాదు. అయినా నంద్యాల వాళ్లు ఎవరో ఆడించిన బొమ్మలని నేను అనను. తమకు నేర్పిన దాన్ని నిజమని నమ్మి, దానికి కట్టుబడినవాళ్లు వాళ్లలో ఎందరో ఉంటారు. అందుకే ఆ నేర్పినది ఎంత గట్టిదో చూడాల.

చూడడానికి పెద్ద గ్రంథాలయం అక్కరలేదు, ఇంట్లో ఉన్న తెలుగు బైబిలు చాలు. అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయంలో పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపిస్తాడు. పదిహేడో వచనంలో వాళ్లు ‘పెద్దలు’. ఇరవై ఎనిమిదో వచనంలో అదే మనుషులను ‘అధ్యక్షులు’ అంటాడు. తీతు పత్రిక మొదటి అధ్యాయంలోనూ అంతే, ఐదో వచనంలో పెద్దలు, ఏడో వచనంలో అధ్యక్షుడు. ఆ అధ్యక్షుడు అన్న చోట గ్రీకులో ఉన్న మాట నుంచే ఇంగ్లీషు ‘బిషప్’ పుట్టింది. అంటే మొదట్లో పెద్ద వేరు, బిషప్పు వేరు కాదు. ఒక ఊరికి ఒక్కరు కాదు, చాలామంది. మన తండాలో, గూడెంలో పెద్దమనుషులు కూర్చున్నట్టు కూర్చునేవాళ్లు.

సుమారు 96వ సంవత్సరంలో రోము సంఘం కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. అందులోనూ పెద్దలు, బిషప్పులు ఒకటే. రోముకు ఒక బిషప్పు ఉన్నట్టు అది చెప్పదు. 110 ప్రాంతంలో అంతియొకయ ఇగ్నేషియస్ రాసిన ఉత్తరాలలో ఊరికి ఒకే బిషప్పు ఉండాలన్న మాట బలంగా వినిపిస్తుంది. అయితే ఆయన రోముకు రాసిన ఉత్తరంలో మాత్రం రోము బిషప్పు ఊసే లేదు. ఇక పేర్ల వరస, అంటే పేతురు పౌలుల తర్వాత లీనస్, ఆయన తర్వాత ఫలానా అంటూ నున్నగా సాగే జాబితా, మనకు ఐరేనియస్ రాతలో కనబడుతుంది. అది సుమారు 180వ సంవత్సరం. యేసును సిలువ వేసి అప్పటికి నూటయాభై ఏళ్లు. అప్పుడు సంఘంలో వేరే బోధలు లేచినాయి. మాది అసలు బోధ అని చూపడానికి ఆయనకు ఒక వరస అవసరమైంది. అవసరం వచ్చినప్పుడు వరస నున్నబడడం మనకు కొత్త సంగతి కాదు.

ఇది సంఘానికి శత్రువులు కనిపెట్టిన మాట అనుకునేరు. ఫిలిప్పీయుల పత్రికకు వ్యాఖ్యానం రాస్తూ 1868లో జె.బి. లైట్‌ఫుట్ ఈ సంగతి వివరంగా చర్చించినాడు. పెద్దల మధ్య నుంచే ఒక పెద్ద మెల్లగా పైకి వచ్చి బిషప్పు అయినాడని తేల్చినాడు. ఆయన ఆంగ్లికన్ పండితుడే, పదకొండేళ్ల తర్వాత డర్హమ్‌కు బిషప్పు కూడా అయినాడు. ముత్యాలపాడులో ఎస్.పి.జి. వాళ్లు గుడి కట్టుకుని పనిచేస్తున్న కాలంలోనే వాళ్ల సొంత సంఘంలో ఈ పుస్తకం అచ్చయింది. ఎనభై ఏళ్ల తర్వాత కుందూ ఒడ్డున మనుషులు ఆ గొలుసు కోసం విడిపోయినారు.

ఇంకొక సంగతి ఉంది. జమ్మలమడుగు వాళ్లకు గొలుసు లేదని ఆంగ్లికన్లు అన్నారు కదా. ఆ ఆంగ్లికన్లకే గొలుసు లేదని 1896లో పోపు పదమూడో లియో ప్రకటించినాడు. పదహారో శతాబ్దంలో ఇంగ్లండు వాళ్లు అభిషేకపు మాటలు మార్చినారు కాబట్టి వాళ్ల అభిషేకాలేవీ చెల్లవన్నాడు. ఒకే గొలుసు, ఒకరు ఉందంటారు, ఒకరు తెగిందంటారు. ఎవరి లెక్క ఒప్పుకోవాల? లెక్కను బట్టి మాదిగ కూలీ తీసుకున్న రొట్టె ముక్క చెల్లుతుందా చెల్లదా అన్నది మారిపోతుందా?

ఇట్లా అడిగితే మొత్తం మతమే కూలిపోతుందని కొందరు భయపడతారు. అట్లేమీ కాదు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క వయసు, ఒక్కొక్క సాక్ష్యం ఉంటాయి. పిలాతు కాలంలో యేసును చంపినారన్నది క్రైస్తవుడు కాని రోమను చరిత్రకారుడు టాసిటస్ కూడా రాసినాడు. పౌలు పత్రికలలో కొన్ని ఆ మరణం తర్వాత పాతికేళ్లకు అటూ ఇటూగా రాసినవి. అవి గట్టి సాక్ష్యాలు. కొత్త నిబంధనలో ఇప్పుడున్న ఇరవై ఏడు పుస్తకాలే, ఎక్కువా తక్కువా కాకుండా, ఒక జాబితాగా మనకు మొదట కనబడేది 367లో అథనాసియస్ రాసిన ఉత్తరంలో. తండ్రీ కుమారుడూ ఒకే తత్వమన్న మాట మీద బిషప్పులు సభ పెట్టి నిర్ణయం చేసింది 325లో, నైసియాలో, చక్రవర్తి పిలిస్తే పోయి. ఇంగ్లీషు వాళ్ల పాత బైబిలులో త్రిత్వాన్ని సూటిగా చెప్పే వాక్యం ఒకటి యోహాను మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో ఉంది. పాత గ్రీకు ప్రతులలో అది లేదు. మన ఇళ్లలోని తెలుగు బైబిలులోనూ లేదు, తీసి చూసుకోవచ్చు. నమ్మేవాడు వీటిని తెలుసుకుని కూడా నమ్మవచ్చు. తెలియకుండా ఉంచి నమ్మించడం వేరు.

ఈ మాట మన గిరిజనులకు ఎందుకు అంటే, మనల్ని ఈ తక్కెడలో ఎప్పుడో తూచినారు. థర్స్టన్ 1909లో ఏడు సంపుటాలు వేసి దక్షిణాది కులాల, తెగల సంగతులు రాసినప్పుడు మన పుట్టుక కథలు కట్టుకథల లెక్కలో పడినాయి. అహోబిలం నరసింహస్వామి మా బావ అని చెంచులు అంటే అది కథ. ఈనాటికీ పారువేటలో స్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంటుంది, అయినా అది కథే. లీనస్ తర్వాత ఫలానా అని ఐరేనియస్ అంటే మాత్రం అది సిద్ధాంతం. తక్కెడ ఒకటైతే రెండూ అందులో పెట్టాల. మనది పెట్టినప్పుడు మనం నొచ్చుకోకూడదు, వాళ్లది పెట్టినప్పుడు వాళ్లూ నొచ్చుకోకూడదు. నేను మా ఢాడీ చెప్పిన వరసను పక్కన పెట్టి ఈ వ్యాసం రాయలేదు, దాన్నే ముందు తూచినాను.

ఈనాడు సి.ఎస్.ఐ.లోనే నంద్యాల డయాసిస్ ఉంది. పక్కనే కడప కేంద్రంగా రాయలసీమ డయాసిస్ ఉంది. పాత గోడ చాలావరకు కూలింది. కానీ మన తండాలకు, గూడేలకు ఇప్పుడు కొత్త సంఘాలు ఎన్నో వస్తున్నాయి. ఒక్కొక్కటీ మాదే అసలైనది, మిగతావి చెల్లవు అంటుంది. ఒకే ఇంట్లో అన్న ఒక గుడికి, తమ్ముడు ఒక గుడికి పోయి, ఒకరి చావుకు ఒకరు రాని ఇండ్లు నేను చూసినాను. మనవాళ్లు ఏది నమ్మాలో చెప్పడానికి నేనెవరిని. అయితే అన్నదమ్ములను విడదీసే మాట ఎవరు తెచ్చినా, ముందు అది ఎప్పుడు పుట్టింది, ఎవరి అవసరానికి పుట్టింది, నడుమ ఏ పేరు ఎత్తకుండా వదిలేసినారు అని అడగాల. మా అవ్వకు చదువు రాదు. ఆమెకు తెలిసిన చరిత్ర పాఠం మాత్రం ఇదే.