ఏకపక్ష ఆర్థిక ఆంక్షలు – మానవ హక్కులు: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానంతో నిమిత్తం లేకుండా ఒక దేశమో, కొన్ని దేశాల కూటమో మరో దేశం మీద విధించే వాణిజ్య, చెల్లింపుల నిషేధాలే ఏకపక్ష ఆర్థిక ఆంక్షలు. గురి ప్రభుత్వం మీదే అయినా దెబ్బ తినేది సామాన్యులు. ఒక్కోసారి ఆ తగాదాతో ఏ సంబంధమూ లేని దేశపు రైతు కూడా.

1992 మేలో క్రయోజెనిక్ ఇంజన్ల ఒప్పందం విషయమై అమెరికా ఇస్రో మీద రెండేళ్ల ఆంక్షలు పెట్టినప్పుడు ప్రధాని పి.వి. నరసింహారావు నంద్యాల ఎంపీ. ఆళ్లగడ్డ కూడా ఆ నియోజకవర్గంలోదే. అయితే ఆ ఆంక్షలు రాకెట్లకు సంబంధించినవి, పొలాల దాకా రాలేదు.

పొటాష్ విషయంలో వచ్చాయి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువు కోసం భారత్ దిగుమతుల మీదే ఆధారపడుతుంది. 2020 ఎన్నికల తర్వాత బెలారస్‌లో సాగిన అణచివేతకు ప్రతిగా 2021లో యూరోపియన్ యూనియన్, అమెరికా ఆ దేశపు పొటాష్‌ను ఆంక్షల పరిధిలోకి తెచ్చాయి. 2022 ఫిబ్రవరి 1 నుంచి లిథువేనియా ఆ పొటాష్‌కు తన రైలు దారి మూసేయడంతో అక్కడి క్లైపేడా రేవు నుంచి దాని ఎగుమతి నిలిచిపోయింది. 2021లో టన్ను 280 డాలర్లున్న మన దిగుమతి ఒప్పంద ధర మరుసటి ఏడు 590 అయింది. పెరిగిన గిరాకీ, తర్వాత ఉక్రెయిన్ యుద్ధం కూడా తోడై, 50 కిలోల బస్తా ఇక్కడ సుమారు 1,700 రూపాయలు పలికింది.

కె.సి. కాలువ కింద వరికి ఒక కారు పొటాష్ తగ్గించి నెట్టుకురావచ్చు. మహానంది అరటికి అది కుదరదు. పొటాష్ చాలకపోతే ముదురాకు అంచులు ఎండుతాయి, కాయ ఊరదు, గెల తూకం రాదు. కౌలు మాత్రం తగ్గదు.

ఆహారాన్నీ ఆరోగ్యాన్నీ 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక హక్కులుగా గుర్తించింది. ఏకపక్ష ఆంక్షల ప్రభావాన్ని పరిశీలించడానికి ఐరాస మానవ హక్కుల మండలి 2014లో ప్రత్యేక నివేదకుల పదవి ఏర్పాటు చేసింది. మొదట ఇద్రిస్ జజైరీ, 2020 నుంచి అలెనా దౌహాన్ ఆ బాధ్యత చూశారు. మందులకు, తిండికి మినహాయింపు ఉందంటారు కానీ బ్యాంకులు, బీమా సంస్థలు, ఓడల కంపెనీలు భయంతో ముందే తప్పుకుంటాయి. ముట్టుకుంటే చర్మం బొబ్బలెక్కే జబ్బున్న ఇరాన్ పిల్లలకు, 2018లో అమెరికా ఆంక్షలు తిరిగి పెట్టాక, ప్రత్యేకమైన కట్లు సరిగా అందలేదు. ఆ కట్టు నిషేధిత వస్తువేమీ కాదు.

బెలారస్ ప్రజల హక్కుల కోసమన్న ఉద్దేశం మంచిదే. అయినా ఆ భారాన్ని అరటితోటలో మోయించడం న్యాయం కాదు. మినహాయింపును సరుకుతో పాటు చెల్లింపుకూ రవాణాకూ స్పష్టంగా రాసి ఇవ్వాలి.