నదులకు పుట్టిల్లు, చదువుకు మెట్టిల్లు: మన హొసూరు

మన బడి ఉత్సవ సంచికకు ఊరి చరిత్ర రాసివ్వమని కమిటీ పెద్దలు అడిగారు. ఈ ఊరి ముద్ద తిని, ఈ బళ్ళో అక్షరం దిద్దినవాణ్ణి, కాదనే హక్కు నాకు లేదు.

హొసూరు పేరుతో కర్ణాటకలో ఎన్నో ఊళ్ళున్నాయి. తమిళనాడు సరిహద్దులో ఫ్యాక్టరీలున్న పట్టణం వేరు. మనది గౌరిబిదనూరు తాలూకాలో ఒక హోబళి కేంద్రం. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడేదాకా మనం కోలారు జిల్లావాళ్ళం. ఉత్తరాన తాలూకా ఎల్ల దాటితే హిందూపురం సీమ, దక్షిణాన బెంగళూరు. మన పల్లెల్లో ఎన్నో ఇళ్ళలో తెలుగు, బళ్ళో కన్నడం, సంతలో రెండూ. ఇంట్లో ఒకటీ రెండూ అని లెక్కపెట్టిన పిల్లవాడు బడి గడప దాటగానే ఒందు, ఎరడు అంటాడు. ఆ కష్టం తెలిసిన అయ్యవార్లు మొదటి తరగతిలో తెలుగులోనే లాలించి కన్నడం నేర్పారు. వాళ్ళ ఋణం తీరేది కాదు.

నంది కొండలూ వాటి చుట్టుపక్కల గుట్టలూ ఎన్ని నదులకు పుట్టిల్లో! ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపాగ్ని, అర్కావతి అన్నీ ఆ వైపు నుంచే దిగుతాయి. ఉత్తర పినాకిని మన తాలూకా మీదుగా ఆంధ్రలోకి వెళ్ళి, దాదాపు 600 కిలోమీటర్లు పారి నెల్లూరు సీమలో సముద్రంలో కలుస్తుంది. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు రాసుకున్న ఒప్పందం ప్రకారం ఈ నదుల మీద మైసూరువాళ్ళు కొత్త కట్టడం కట్టాలంటే మద్రాసు ఒప్పుకోవలసి ఉండేది. కాబట్టి మన పెద్దలకు దిక్కు చెరువులే. వాన పడితే చెరువు నిండేది, కోడి పోయేది. తూము ఎత్తడం, దించడం నీరుగంటి పని. భుజాన పారతో రాత్రనక పగలనక కాలవ గట్ల మీద తిరిగి మడిమడికీ నీళ్ళు మళ్ళించేవాడు. కోతలైనాక కళ్ళంలో అతనికి గింజలు కొలిచి ఇచ్చేవారు. పెద్దరైతు మడి, పేదవాడి మడి అని అతను తేడా చూడలేదు. అందుకే ఊరు అతని మాటకు కట్టుబడింది.

రాజుల కాలమంతా కందాయం కట్టడం, కరువు కాయడంతోనే గడిచింది. 1938 ఏప్రిల్ 25న మాత్రం మన తాలూకా పేరు దేశమంతా వినబడింది. విదురాశ్వత్థంలో కాంగ్రెసు జెండా ఎత్తడానికి కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. సర్దార్ పటేల్, దివాన్ మీర్జా ఇస్మాయిల్ మధ్య రాజీ కుదిరింది ఆ తర్వాతే.

ఇక డాక్టర్ హెచ్. నరసింహయ్యగారు. ఆయన పేరుకు ముందున్న ‘హెచ్’ మన హొసూరే. 1920 జూన్ 6న ఇక్కడి పేదింట పుట్టి, ఇక్కడే అక్షరాలు నేర్చుకున్నారు. ఊళ్ళో హైస్కూలు లేదు. 1935లో, బెంగళూరు నేషనల్ హైస్కూలులో చేరడానికి రైలు చార్జీకి డబ్బులేక, రెండు రోజులు నడిచి వెళ్ళారు. ఆ దూరం 80 కిలోమీటర్లకు పైనే. మరుసటి ఏడు ఆ బడికి గాంధీజీ వస్తే ఆయన హిందీ ప్రసంగాన్ని కన్నడంలో చెప్పింది మన ఊరి కుర్రవాడే. 1942లో చదువు వదిలి జైలుకు వెళ్ళారు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా 1976లో మహిమలను పరీక్షించే సంఘం వేశారు. 1984లో పద్మభూషణ్ వచ్చింది. అయినా ఖద్దరు బట్ట, గాంధీ టోపీ, హాస్టలు గదీ వదల్లేదు, పెళ్ళి చేసుకోలేదు. మా తరం ఆయనను చూసే ‘ఎందుకు, ఎలా’ అని అడగడం నేర్చుకుంది. గౌరిబిదనూరులోనూ బాగేపల్లిలోనూ నేషనల్ కాలేజీలు వచ్చాయంటే ఆయన చలవే. 2005 జనవరి 31న ఆయన పోయినప్పుడు మా ఇళ్ళలో పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

1965, 66 కరువును మరిచిపోలేం. చెరువులో మట్టి పెళ్ళలు పెళ్ళలుగా నెర్రెలు విచ్చింది. కపిల బావుల్లో తొండం అడుగు తాకి ఖాళీగా పైకొచ్చేది. ఎద్దులను అయినకాడికి అమ్మారు. రాగులు దొరక్క ఉలవలు ఉడికించుకున్న రోజులున్నాయి. అప్పుడు పిల్లలను బతికించింది బడి. అమెరికా నుంచి కేర్ సంస్థ పంపిన పిండితో చేసిన ఉప్పిండి, గిన్నెలో గరిటెడు పాలపొడి పాలు. చెల్లెలి కోసం సగం ఉప్పిండి ఆకులో చుట్టుకుని పోతున్న పిల్లను చూసి, మా అయ్యవారు తిట్టలేదు. మర్నాటి నుంచి చెల్లెల్నీ తీసుకురమ్మన్నారు. అలా బడికొచ్చిన ఆడపిల్లలు మళ్ళీ మానలేదు.

ఈ బడికి చేయి వేసినవారిని తలుచుకోవడం నా విధి: బండ కొట్టి ఇచ్చిన వడ్డెవారు, ఇసుక తోలిన బండివాళ్ళు, దూలాలు చెక్కిన వడ్రంగులు, పునాదికి చందా వేసిన సెట్లు, కూలి డబ్బు వదులుకున్న ఆడవాళ్ళు, గంట కొట్టిన జవాను, ఉప్పిండి కలిపిన వంటమ్మ.

ఒక్క మాట మనసులో దాచుకోలేక రాస్తున్నాను. ఈ ఉత్సవానికి ఊళ్ళో ఉన్నవాళ్ళు వేరుశనక్కాయలమ్మి చందా ఇచ్చారు. ఇక్కడ చదివి బెంగళూరులో మేడలు కట్టుకున్నవారిలో చాలామంది కమిటీ ఉత్తరానికి జవాబే రాయలేదు. పినాకినిలో ఇసుక తోడేశారు. బోర్లు వెయ్యి అడుగులు దాటినా దొరికే నీళ్ళలో ఫ్లోరైడు. పిల్లలు ఇంగ్లీషు బడి వ్యాన్లెక్కి పోతుంటే మన తరగతులు పలచబడుతున్నాయి. నరసింహయ్యగారు నడిచి వెళ్ళిన దారిలో మనం బస్సెక్కి వెళ్ళాం. ఆయన కాలేజీలు వెంటబెట్టుకుని తిరిగొచ్చారు, మనం పండగకొచ్చి పోతున్నాం.

అందుకే కమిటీకి నా విన్నపం. ఖర్చులు పోగా మిగిలిన సొమ్ముతో స్వాగత తోరణం కట్టవద్దు. సైన్సు గదికి సామాను కొనండి, తాగే నీళ్ళు శుద్ధి చేసే యంత్రం పెట్టండి. పాత విద్యార్థులు ఏడాదికొకసారి వచ్చి ఒక్కపూట పాఠం చెప్పే ఏర్పాటు చేయండి. మొదటి పూటకు నేను వస్తాను.